రుఖా మీద వాలిన అక్షరం

మా ఆపా కూతురి షాదీ రుఖా ఫోటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను ఒంగోల్లో డ్యూటీలో ఉన్నాను. మీగడ రంగు కార్డు, అంచు చుట్టూ బంగారు రంగు తీగ. పైన ఉర్దూ, కింద తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీష్. ఇంగ్లీష్‌లో దూల్హా దుల్హన్ పేర్లు కుడివైపుకి ఒయ్యారంగా వాలి ఉన్నాయి, సన్నం మందం గీతలతో. చూశాను. ‘మాషా అల్లాహ్, బహుత్ ఖూబ్’ అని రాసి పంపి, మళ్లీ నా వార్తలో పడిపోయాను. ఆ సాయంత్రమే నాలుగు వందల కార్డులు అచ్చయిపోయాయి.

నాలుగు రోజుల తర్వాత కంభం నుంచి ఫోన్. చిన్నప్పుడు నాకు అలిఫ్ బే నేర్పిన ఉస్తాద్ సాబ్. రిటైరై చాలా ఏళ్లయింది.

“మియా, మీ ఇంటి రుఖా అందింది. దుల్హన్ పేరు ఎంత చూసినా చదవడానికి రావట్లేదు. నా నజర్ పోయిందా, మీ హర్ఫులు పోయాయా?”

ఫోన్ పెట్టేసి ఫోటో తెరిచి పెద్దది చేశాను. హర్ఫులే పోయాయి. ఉర్దూలో ఒక అక్షరం చెయ్యి ఇంకో అక్షరం పట్టుకుని నడవాలి. ఇక్కడ ప్రతి అక్షరం విడివిడిగా నిలబడి ఉంది. పైగా కుడి నుంచి ఎడమకు కాదు, ఎడమ నుంచి కుడికి. పేరు వెనకనుంచి ముందుకు, ముక్కలు ముక్కలుగా ఉంది. దుల్హన్ పేరే కాదు, నికాహ్ జరిగే చోటు, వలీమా దావత్ లైను, అంతా అంతే.

అప్పటికే సగానికి పైగా కార్డులు పంచేశారు. మార్కాపురం, గిద్దలూరు, బేస్తవారిపేట, తర్లుపాడు, కంభం, అన్ని ఊళ్లలో మా ఖాందాన్ ఇళ్లకు వెళ్లాయి. ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి “ఇదేంటి ఇలా ఉంది?” అనలేదు. డీటీపీ చేసిన అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, తెలుగు మీడియం, వాడికి ఆ రాత ఒక డిజైన్. మరి నాకు? పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి నేను. నేనూ దాన్ని డిజైన్ లాగే చూసి ‘బహుత్ ఖూబ్’ అన్నాను కదా. ఆ షర్మిందగీ మూడు రోజులు వదల్లేదు. ఆ కార్డు మీద ఎదురెదురుగా కూర్చున్న రెండు వాలు రాతల తారీఖ్ ఏమిటో ఒకసారి రాసుకుందామనిపించింది.

ముందు ఇంగ్లీష్ వైపు చూద్దాం. షాదీ కార్డుల మీద, స్కూలు సర్టిఫికెట్ల మీద, సన్మాన పత్రాల మీద మీరు రోజూ చూసే ఆ ఒయ్యారపు ఫాంటు పేరు ‘మోనోటైప్ కోర్సివా’. ఇంగ్లండ్ కంపెనీ మోనోటైప్ కోసం పట్రీషియా సాండర్స్ అనే డిజైనర్ 1990ల్లో గీశారు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు కంప్యూటర్లలోకి వచ్చేసింది కాబట్టి గిద్దలూరు జిరాక్స్ షాపులో కూడా ఉంటుంది. ‘కోర్సివో’ అంటే ఇటలీ భాషలో పరుగెత్తే రాత. మన జుబాన్‌లో ‘రవాఁ’ అంటామే, అదే అర్థం. ఆ ఫాంటుకి నమూనా ఐదు వందల ఏళ్ల కిందటి లుదోవికో అర్రీగీ చేతిరాత. ఆయన రోమ్‌లో పోప్ దఫ్తర్‌లో కాతిబ్. అంటే మన భాషలో మున్షీ. ఫర్మానాలు రాయడం ఆయన నౌకరీ. 1522లో ఆ రాత ఎలా రాయాలో నేర్పే చిన్న కితాబు కూడా అచ్చు వేశాడు.

అంతకు ముందే, 1501లో, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే పబ్లిషర్ ఈ వాలు రాతని సీసపు అక్షరాల్లోకి పోత పోయించి, లాటిన్ కవి వర్జిల్ గ్రంథాన్ని మొత్తం వాలు అక్షరాల్లోనే అచ్చు వేశాడు. ఆ అక్షరాలు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. చేతిలో ఇమిడే చిన్న సైజు పుస్తకం అది. అంటే ఆ రోజుల్లో వాలు అక్షరం అలంకారం కాదు, చదువుకునే అక్షరం. గుమాస్తా త్వరగా రాయాలని పుట్టింది, పాఠకుడి చేతిలో పుస్తకమైంది, చివరికి పెళ్లి కార్డుకి జరీ అంచుగా మిగిలింది. అయినా ఇంగ్లీష్‌కి నష్టమేమీ లేదు. కోర్సివా రేపు మాయమైపోయినా ఇంగ్లీష్ చదివేవాళ్లు చదువుతూనే ఉంటారు.

ఇక మన వైపు. ఉర్దూ రాసే ఆ వేలాడే రాత పేరు నస్తాలీఖ్. నస్ఖ్, తాలీఖ్ అనే రెండు రాతలు కలిసి పుట్టిందని పేరే చెబుతుంది. నస్ఖ్ మనం ఖురాన్‌లో చూసే తిన్నని గీత మీది రాత. తాలీఖ్ అంటే వేలాడేది. ఈరాన్ దఫ్తర్లలో మున్షీలు ఖతులు, ఫర్మానాలు గబగబా రాయడానికి వాడిన రాత అది. చూశారా, అక్కడ పోప్ మున్షీ, ఇక్కడ షా మున్షీ. రెండు వాలు రాతల పుట్టిల్లు దఫ్తరే.

పద్నాలుగో శతాబ్దపు మీర్ అలీ తబ్రీజీని నస్తాలీఖ్‌కి బాబా అంటారు. ఆయన మీద ఒక రివాయత్ ఉంది. కొత్త రాత ఒకటి బఖ్షించమని దువా చేశాడట. ఖ్వాబ్‌లో హజ్రత్ అలీ కనిపించి ఎగిరే బాతుల రెక్కలు చూడమన్నారట. తారీఖ్ అనుకోవాలా కహానీ అనుకోవాలా అనేది మీ ఇష్టం. కానీ మా ఉస్తాద్ బోర్డు మీద ‘బే’ రాసినప్పుడు మాత్రం అది రెక్కలాగే ఉండేది.

సఫవీల జమానాలో మీర్ ఇమాద్ ఈ రాతని ఎంత నాజూకుగా చేశాడంటే, ఇప్పటికీ ఈరాన్‌లో కొలబద్ద ఆయనే. 1615లో ఇస్ఫహాన్‌లో ఆయన్ని ఖతల్ చేశారు. ఆయన బంధువు అబ్దుల్ రషీద్ దైలమీ హిందూస్తాన్ వచ్చి షాజహాన్ దర్బారులో చేరి, దారా షికోకి ఖుష్‌నవీసీ నేర్పాడు. అంతకు ముందే అక్బర్ దగ్గర ముహమ్మద్ హుసేన్ కాశ్మీరీ ఉన్నాడు. ‘జర్రీన్ ఖలం’, అంటే బంగారు కలం, బాద్షా ఇచ్చిన ఖితాబ్ అది.

మన దక్కన్‌లో సంగతి ఇంకా దిల్‌చస్ప్. గోల్కొండ కుతుబ్‌షాహీలు ఫర్మానాలు కొన్ని రెండు భాషల్లో ఇచ్చేవారు. పైన ఫారసీ, కింద తెలుగు, ఒకే కాగితం మీద. పైన అక్షరాలు ఎడమకు జారుతూ వాలి ఉంటాయి. కింద కరణం గారి తెలుగు గొలుసుకట్టు కుడికి నడుస్తుంది. మా భాంజీ షాదీ రుఖాలో పైన ఉర్దూ, కింద తెలుగు చూసి ఇదేదో ఈ కాలపు ఫ్యాషన్ అనుకున్నాను. నాలుగు వందల ఏళ్ల పాత రివాజ్ అన్నమాట. తేడా ఒకటే. ఆ ఫర్మానా పైభాగం చదివేవాడు దర్బారులో ఒకడు, కిందభాగం చదివేవాడు ఊళ్లో ఒకడు ఖచ్చితంగా ఉండేవాడు.

మా ప్రాంతాన్ని 1800లో నిజాం కంపెనీవాళ్లకి ఇచ్చేశాడు, దత్త మండలాల్లో భాగంగా. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలు అందులోకి వెళ్లాయి. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు ఇటు వచ్చాయి. ఇన్నిసార్లు సర్కార్లు, సరిహద్దులు మారినా ఆ దఫ్తర్ జుబాన్ మాత్రం తెలుగులోంచి పోలేదు. తాలూకా, జమాబందీ, దస్తావేజు, రసీదు, ఖాతా, ఫిర్యాదు, జవాబు, కలం. ఏ తెలుగు రైతుని అడిగినా ఇవి తెలుగు మాటలే అంటాడు. అలఫాజ్ అన్నీ మిగిలాయి, తెలుగు అక్షరాల బట్టలు తొడుక్కుని. పోయింది రాత.

మార్కాపురం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, మా ఊరి మొహబ్బత్ కొద్దీ. దేశమంతా పిల్లలు బలపం పట్టి అక్షరాలు దిద్దిన రాతి పలకలు ఎక్కువగా మా మార్కాపురం గనుల్లోంచి వచ్చినవే. నల్లటి రాయిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్క ఫ్రేము వేసేవారు. ఆ కారఖానాల్లో మనవాళ్లూ చాలామంది పనిచేశారు. రాతి పొడి పీల్చి ఛాతీ పాడైపోయిన మనుషులు మా మొహల్లాలో నాకు తెలుసు. తర్వాత ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి ఆ గిరాకీ పడిపోయింది. ఇప్పుడా రాయి గోడలకీ నేలలకీ టైల్స్‌గా విదేశాలకు పోతోంది.

మా ఉర్దూ బడిలో ఒకే పలకకి ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క తెలుగు. తెలుగు ఎడమ నుంచి మొదలవుతుంది కాబట్టి బాధ లేదు. ఉర్దూ కుడి నుంచి కదా, కుడిచేతి వాటం పిల్లలకి రాసిన అలిఫ్ మీదకే మోచెయ్యి పోయి చెరిగిపోయేది. దొండాకుతో రుద్ది మళ్లీ రాసేవాళ్లం. బలపంతో ఇంకో చిక్కు ఉంది. దానికి సన్నం మందం తెలియదు. నస్తాలీఖ్‌ హుస్న్ అంతా కలం మొనలోనే ఉంది. రెల్లు కలం మొనని ఏటవాలుగా కోస్తారు, దాన్ని ‘ఖత్’ అంటారు. ఆ మొన పెట్టి తీస్తే పడే చుక్కే నుక్తా, అదే కొలత కూడా. అలిఫ్ ఎత్తు మూడు నుక్తాలు. మా పలక మీద ఉన్నవి కేవలం ఎముకలు, మాంసం లేదు. ఉస్తాద్ సాబ్ సుద్దముక్కని గోడకేసి ఏటవాలుగా అరగదీసి బోర్డు మీద రాసేవారు. అప్పుడు చూసేవాళ్లం అసలు అక్షరం ఎలా ఉంటుందో.

రాయికీ నస్తాలీఖ్‌కీ ఇంకో రిష్తా ఉంది. అది మార్కాపురం రాయి కాదు, జర్మనీ సున్నపురాయి. 1796 ప్రాంతంలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే ఆయన రాతి మీద జిడ్డు సిరాతో రాసి కాగితం మీదకి దింపే పద్ధతి కనిపెట్టాడు. లిథో అంటాం. పంతొమ్మిదో శతాబ్దంలో అది హిందూస్తాన్ వచ్చాక ఉర్దూ దాన్ని గుండెకి హత్తుకుంది. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్ ఉర్దూ, ఫారసీ కితాబులు వేలకు వేలు అచ్చు వేసింది ఇలాగే. అచ్చు అన్నమాటే గానీ ప్రతి పేజీ ఒక కాతిబ్ చేత్తో రాసిందే.

తెలుగు, తమిళం, ఇంగ్లీష్ సీసపు అక్షరాల్లోకి వెళ్లిపోయినా ఉర్దూ రాయి మీదే ఎందుకు ఉండిపోయింది? వెనకబాటు అన్నవాళ్లున్నారు. ఉర్దూవాళ్లకి కొత్తదనం గిట్టదన్నవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ మాట నచ్చదు. సీసపు అచ్చులో ప్రతి అక్షరం ఒక దిమ్మె మీద ఉంటుంది. దిమ్మెలన్నీ ఒకే గీత మీద వరసగా పేర్చాలి. నస్తాలీఖ్‌లో మాట పైన మొదలై మెట్లు దిగినట్టు కిందకి జారుతుంది. మాట ఎంత పొడుగైతే అంత పైనుంచి మొదలుపెట్టాలి. పైగా ‘బే’ తర్వాత ‘రే’ వస్తే ‘బే’ది ఒక రూపం, ‘జీమ్’ వస్తే ఒకటి, ‘సీన్’ వస్తే ఇంకొకటి, ‘మీమ్’ వస్తే మరొకటి. నాలుగు మూలల దిమ్మెలో ఈ జారుడు ఎలా ఇముడుతుంది?

కోషిష్ చెయ్యలేదని కాదు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ నస్తాలీఖ్ టైపు చేయించింది, అది సొంత పుస్తకాలు దాటి బయటికి రాలేదు. హైదరాబాద్ నిజాం సర్కార్ నస్తాలీఖ్ టైప్‌రైటర్ తయారు చేయించబోయి, వల్ల కాదని ఫైలు మూసేసింది. ఉర్దూ మీడియంలో ఉస్మానియా యూనివర్సిటీని 1918లో నిలబెట్టిన సర్కార్ అది! దానికే కుదరలేదు. మౌలానా ఆజాద్ 1912లో ‘అల్ హిలాల్’ని సీసపు టైపులో తెచ్చారు, కానీ అది నస్ఖ్ తరహా టైపు. ఉర్దూ పాఠకుడి కన్ను మాత్రం నస్తాలీఖ్‌నే వెతుక్కుంది. నస్ఖ్‌లో ఉర్దూ చదవడమంటే మన వంటని వేరేవాళ్ల పళ్లెంలో తిన్నట్టే ఉంటుంది, నాకిప్పటికీ.

అందుకే ఉర్దూ అఖ్బార్లలో సబ్ ఎడిటర్ల పక్కనే కాతిబ్‌లు వరసగా కూర్చునేవారు. మోకాలి మీద అట్ట, అట్ట మీద పసుపు పూత కాగితం, చేతిలో కలం. ఒక తప్పు దొర్లితే బ్లేడుతో గీకి దిద్దాలి. ఆలస్యంగా ఒక మౌత్ ఖబర్ వస్తే పేజీలో దానికి జాగా చెయ్యాలి. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ రోజువారీ పత్రిక కంప్యూటర్ల కాలంలోనూ చేతి రాతతోనే వచ్చింది, నాలుగు పేజీలు. ఆడవాళ్లు కూడా కాతిబ్‌లుగా పనిచేశారు అందులో. జర్నలిస్టుగా ఈ సంగతి నాకు గొప్పగా ఉంటుంది. నేను కీబోర్డు మీద వార్త కొట్టి పంపేస్తాను. అక్కడ ప్రతి వార్తా ఒకరి చేతిలోంచి హర్ఫు హర్ఫుగా వెళ్లేది.

ఆ తర్వాత కథ పాకిస్తాన్‌లో మలుపు తిరిగింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆర్టిస్టు, ప్రింటర్, సింగపూర్ ఎగ్జిబిషన్‌లో చైనా లిపిని మెషీన్ కంపోజ్ చెయ్యడం చూశారు. చైనావాళ్ల వేల గుర్తులు మెషీన్‌లో ఇమిడితే మన అక్షరాలకేం అనుకున్నారు. విడి అక్షరాలని కలపడం మానేసి, కలిసిన ముక్కలనే, అంటే రెండు మూడు నాలుగు హర్ఫులు చేతులు పట్టుకున్న జోడులనే, ఒక్కొక్కటీ బొమ్మలాగా రాశారు. దాదాపు ఇరవై వేలు! ప్రతి జోడు ఆయన కలం నుంచే. దానికి వాళ్ల అబ్బా నూర్ అహ్మద్ పేరు మీద ‘నూరీ నస్తాలీఖ్’ అని నామ్ పెట్టారు. 1981 అక్టోబర్‌ 1న లాహోర్ ‘జంగ్’ పత్రిక ఆ అక్షరాలతో వచ్చింది. ఆ మెషీన్ తయారుచేసిన కంపెనీ ఏది అనుకున్నారు? మోనోటైప్.

అదే మోనోటైప్. మా భాంజీ కార్డులో ఎదురెదురు పేజీల మీద ఉండాల్సిన రెండు వాలు రాతలూ ఒకే కంపెనీ గుమ్మం దాటి వచ్చినవే. ఒకటి పోప్ మున్షీది, ఒకటి షా మున్షీది. ఇది తెలిసినప్పుడు నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి ‘ఇన్‌పేజ్’ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. నూరీ నస్తాలీఖ్ మామూలు కంప్యూటర్లలోకి దిగింది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో రుఖాలు రాసే కాతిబ్‌ల గిరాకీ తగ్గింది. కొందరు కంప్యూటర్ నేర్చుకున్నారు, కొందరు బోర్డులకీ సమాధి కత్బాలకీ పరిమితమయ్యారు. ఇక్కడ నేను ఇన్‌పేజ్‌ని తిట్టబోవడం లేదు. అది రాకపోతే చిన్న ఊళ్లలో ఉర్దూ అచ్చు మొత్తంగా ఆగిపోయేది. కానీ కాతిబ్‌తో పాటు ఇంకొకటి పోయింది. కాతిబ్ రాసే ముందు చదివేవాడు. మీ ఇంట్లో పేరు తప్పు రాసిస్తే “ఇది సాద్‌తో కదా, సీన్‌తో రాశారేంటి?” అని అడిగేవాడు. ఇప్పుడు అడిగేవాడు లేడు.

మా కార్డుకి జరిగింది అదే. ఇన్‌పేజ్‌లో ఉర్దూ కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి కార్డులో పెట్టాలి. ఆ అబ్బాయి అక్షరాలనే కాపీ చేసి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అతికించాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఉర్దూ చేతులు పట్టుకోవడం తెలియదు, కుడి ఎడమ తెలియదు. తెలుగు మాత్రం అను ఫాంట్స్‌లో చక్కగా వచ్చింది. అయితే వాడు ఆ తెలుగుని కూడా ఇంగ్లీష్‌కి జోడీగా పక్కకి వంచాడు. తెలుగు డిగ్రీ చదివినవాడిగా ఒక మాట చెప్తాను. తెలుగు అక్షరం తాటాకు మీద గంటంతో పుట్టింది, గుండ్రంగా, నిండుగా. దానికి వాలే అలవాటు లేదు. కంప్యూటర్‌తో బలవంతాన వంచితే గాలివానలో గుడిసెలా ఉంటుంది. వాలడానికి పుట్టిన ఉర్దూని నిలబెట్టాడు, నిలబడే తెలుగుని వాల్చాడు!

2022లో మన రాష్ట్రంలో ఉర్దూని రెండో అధికార భాషగా ఖానూన్ చేశారు. ఖుషీయే. ఆఫీసు బోర్డుల మీద నస్తాలీఖ్ వస్తుంది. ఇప్పుడు ఫోన్లలో కూడా నస్తాలీఖ్ వచ్చేసింది, రాసేవాడికి అడ్డేమీ లేదు. కానీ మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో అరవై మందిమి ఉన్నాం. ఈద్ ముబారక్ తెలుగులో వస్తుంది, ఇంగ్లీష్‌లో వస్తుంది, ఇంగ్లీష్ అక్షరాల ఉర్దూలో వస్తుంది. నస్తాలీఖ్‌లో వచ్చేవి బొమ్మలే, ఎవరో పంపినవి, ముందుకు తోసేసినవి. మా దాదా గల్ఫ్‌లో ఉన్న మా బాబాయికి రాసిన ఖతులు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. శికస్తా ఛాయలున్న గబగబా రాత. నాకే సగం పడుతుంది. నా పిల్లలకి అది దాదా చేతి గీత, అంతే.

మిగిలిన కార్డులు నూట ఎనభై. మళ్లీ అచ్చు వేయిద్దామని ఆపాతో అంటే, “ఎవరికీ తెలియలేదు కదా భాయ్, ఎందుకు ఖర్చు?” అంది. భాంజీ మాత్రం ఒప్పుకోలేదు. “నా పేరు మామూ అది. ఉల్టా ఎందుకుండాలి?” అంది. ఆ పిల్లకి ఉర్దూ చదవడం రాదు. ఇంగ్లీష్ మీడియం.

ఆదివారం ఇద్దరం కంభం వెళ్లాం. ఉస్తాద్ సాబ్ చేతులు కొంచెం వణుకుతున్నాయి గానీ కలం కాగితం మీద పెట్టాక వణుకు లేదు. దుల్హన్ పేరు, దూల్హా పేరు, నికాహ్ లైను, దావత్ లైను, నాలుగూ రాసి ఇచ్చారు. మూడుసార్లు రాసి మొదటి రెండూ చింపేశారు. భాంజీ తన పేరు ఎక్కడ మొదలవుతుందో అడిగింది. ఆయన కుడివైపు పై మూల వేలు పెట్టి చూపించారు.

ఆ కాగితాన్ని స్కాన్ చేయించి అదే డీటీపీ షాపుకి తీసుకెళ్లాను. అబ్బాయి తెర మీద పెద్దది చేసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సార్, ఇది చాలా బాగుంది. ఏం ఫాంటు సార్ ఇది?” అన్నాడు.

చేతిరాత అని చెప్పాను. నమ్మలేదు. దగ్గరకి జరిగి సిరా మందంగా పడిన చోట్లు చూసి, “మరి మిగతా అక్షరాలు కూడా రాసిస్తారా సార్ ఆయన?” అని అడిగాడు.